కెనడాలో ఊలు కొనుగోలు: 'దేశీయ దుకాణం' అనే మాటలోని నాలుగు చిక్కులు

బ్రాంప్టన్‌లో ఉంటున్న ఒక తెలుగు ఇల్లాలు అక్టోబరు నెలలో కూతురికి స్వెట్టర్ అల్లాలని ఆరు ఊలు ఉండలు ఆన్‌లైన్‌లో కొన్నదనుకుందాం. వెబ్‌సైటు పేరు చివర కెనడాను సూచించే 'డాట్ సీఏ' ఉంది, ధరలు కెనడా డాలర్లలోనే ఉన్నాయి, పేజీ పైభాగాన కెనడా జెండా మీద కనిపించే మేపుల్ ఆకు బొమ్మ కూడా ఉంది. పది రోజుల తరువాత ఇంటికి ఊలు రాలేదు. పన్నూ, దానితో పాటు మరో 9.95 డాలర్ల రుసుమూ కట్టి పార్శిల్ తీసుకువెళ్లమనే చీటీ వచ్చింది. దుకాణం ఆమెకు అబద్ధమేమీ చెప్పలేదు. సరుకు కెనడాలో ఉందని ఎక్కడా రాయలేదు. పేరునూ, ఆకు బొమ్మనూ చూసి ఆమే అలా అనుకుంది.

'దేశంలో ఉన్న దుకాణంలోనే కొనండి' అన్నది కెనడాలో అల్లికవారు ఒకరికొకరు తరచుగా ఇచ్చుకునే సలహా. సలహా మంచిదే గానీ, అందులో నాలుగు వేరు వేరు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. దుకాణం నడిపే సంస్థ ఏ దేశానిది? పార్శిల్ ఏ గోదాము నుంచి బయలుదేరుతుంది? ఆ దారాన్ని ఎక్కడ వడికారు? అసలు ఆ ఉన్ని ఇచ్చిన గొర్రె ఎక్కడ మేసింది? ఈ నాలుగింటికీ జవాబు ఒకటే అయ్యే సందర్భాలు ఉన్నాయి గానీ చాలా తక్కువ. కొనేవారి జేబుకు సంబంధించినంత వరకు లెక్కకు వచ్చేది రెండో ప్రశ్న ఒక్కటే. మిగిలిన మూడూ అభిమానానికీ, నాణ్యతకూ, డబ్బు చివరికి ఎవరికి చేరుతుందన్న ఆలోచనకూ సంబంధించినవి. వాటిని విడదీసి చూడకపోవడం వల్లనే చాలామంది ఒక కారణంతో కొని, మరో కారణంతో నిరాశపడుతున్నారు.

ముందుగా మాటల సంగతి ఒకటి తేల్చుకోవాలి. మన ఇళ్లలో అల్లికకు వాడే దారమంతా ఊలే. నూటికి నూరు పాళ్లు అక్రిలిక్ అయినా దానిని ఊలు అనే అంటాము. కెనడాలో పాతతరం ఇంగ్లీషు మాట్లాడేవారికీ ఇదే అలవాటు ఉంది. కానీ అక్కడి దుకాణాల పేజీలలో 'వుల్' అని ఉంటే అది గొర్రె ఉన్ని మాత్రమే, 'యార్న్' అని ఉంటే ఏ పీచుతో చేసిన దారమైనా కావచ్చు. అందువల్ల ఈ వ్యాసంలో అల్లిక దారాన్నంతటినీ ఊలు అనీ, గొర్రె నుంచి వచ్చినదాన్ని ఉన్ని అనీ వ్యవహరిస్తాను.

సరిహద్దు దాటితే ఏమవుతుంది

విదేశం నుంచి తపాలాలో వచ్చే సరుకు విలువ 20 కెనడా డాలర్లు దాటితే దానిపై పన్ను వేసే అధికారం కెనడా సరిహద్దు సేవల సంస్థకు ఉంది. చేతితో రంగులద్దిన 100 గ్రాముల మేజోళ్ల ఊలు ఒక్క చిలప (ఉండగా చుట్టని దారపు కట్ట) కొన్నా ఈ హద్దు దాటిపోతుంది. పన్ను పడిందంటే, దానిని వసూలు చేసి పెట్టినందుకు కెనడా పోస్ట్ తన వంతుగా 9.95 డాలర్లు తీసుకుంటుంది. ఇది సరుకు విలువతో పెరిగేదీ తరిగేదీ కాదు కాబట్టి, చిన్న పార్శిళ్ల మీదే దీని దెబ్బ ఎక్కువ.

అమెరికా, మెక్సికోల నుంచి వచ్చే సరుకుకు 2020 జూలై 1 నుంచి కొంత వెసులుబాటు వచ్చింది. ఆ రోజు అమలులోకి వచ్చిన మూడు దేశాల వాణిజ్య ఒప్పందం ప్రకారం, విలువ 40 డాలర్లు దాటకపోతే పన్ను ఉండదు, 150 డాలర్లు దాటకపోతే సుంకం ఉండదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ సడలింపు కొరియర్ సంస్థల ద్వారా వచ్చే పార్శిళ్లకే గానీ తపాలాకు కాదు. తపాలాలో వస్తే పాత 20 డాలర్ల హద్దే వర్తిస్తుంది. అలాగని కొరియర్‌ను కోరుకుందామా అంటే, 40 డాలర్లు దాటిన పార్శిల్‌ను కస్టమ్స్ నుంచి విడిపించినందుకు కొరియర్ సంస్థలు వేసే రుసుము తపాలావారి రుసుము కంటే తక్కువ ఉంటుందన్న భరోసా లేదు. సుంకానికీ పన్నుకూ తేడా కూడా గుర్తుంచుకోవాలి: మొదటిది దిగుమతి మీద పడేది, రెండవది దేశంలో కొన్నా కట్టవలసినదే. అందువల్ల విదేశీ పార్శిల్ మీద పడిన మొత్తాన్నంతటినీ నష్టంగా చూడడం సరికాదు. అందులో పెద్ద భాగం స్వదేశంలో కొన్నా తప్పనిది.

ఒక లెక్క వేసి చూద్దాం. ధరలు ఉదాహరణకు తీసుకున్నవే. స్వెట్టరుకు 100 గ్రాముల ఉండలు ఆరు కావాలి. కెనడా గోదాము నుంచి పంపే దుకాణంలో ఉండ 14 డాలర్లు, రవాణా 15 డాలర్లు అనుకుంటే మొత్తం 99 డాలర్లు. ఒంటారియోలో 13 శాతం పన్ను కలిపితే 111.87 డాలర్లు. అదే ఊలు అమెరికా దుకాణంలో ఉండ 10 అమెరికా డాలర్లకూ, రవాణా 18 డాలర్లకూ దొరుకుతోందనుకుందాం. అమెరికా డాలరు 1.40 కెనడా డాలర్లు అయితే సరుకు 84, రవాణా 25.20, మొత్తం 109.20. పైకి చూస్తే ఇదే లాభసాటిగా కనిపిస్తుంది. కానీ కెనడాలో ఎక్కువ క్రెడిట్ కార్డులు విదేశీ మారకం మీద 2.5 శాతం తీసుకుంటాయి, అది 2.73. సరుకు విలువ మీద 13 శాతం పన్ను 10.92. తపాలా రుసుము 9.95. సుంకం ఏమీ లేదనుకున్నా అన్నీ కలిపి 132.80 డాలర్లు. అంటే సమాన ధర గల ఊలుకు సరిహద్దు దాటినందుకు దాదాపు 21 డాలర్లు అదనం. ఉండకు మూడున్నర డాలర్లన్నమాట. అమెరికా దుకాణంలో ఊలు ధర అంతకు మించి తక్కువైతే తప్ప దానిని చవక అనడానికి లేదు.

ఈ లెక్కలో తేడా తెచ్చిన మూడు అంశాలలో రెండు, అంటే రవాణా ఖర్చులోని వ్యత్యాసమూ తపాలా రుసుమూ, పార్శిల్ బయలుదేరిన చోటును బట్టి వచ్చినవే. మూడవదైన కార్డు రుసుము ధర ఏ కరెన్సీలో వసూలైందన్న దానిని బట్టి వచ్చింది. యజమాని ఏ దేశంవాడన్నది ఎక్కడా అడ్డురాలేదు.

డాట్ సీఏ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

డాట్ సీఏ పేరు తీసుకోవాలంటే కెనడాతో సంబంధం ఉండాలన్న నియమం ఉన్న మాట నిజమే. అయితే కెనడాలో ట్రేడ్‌మార్కు నమోదు చేసుకున్న విదేశీ సంస్థ కూడా ఆ మార్కు పేరుతో డాట్ సీఏ పొందవచ్చు. కాబట్టి అది చట్టపరమైన సంబంధాన్ని సూచిస్తుందే గానీ గోదాము చిరునామాను కాదు. కెనడా డాలర్లలో చూపే ధర అంతకంటే బలహీనమైన ఆధారం. చూసేవారి దేశాన్ని బట్టి కరెన్సీని మార్చి చూపడం ఈనాటి ఆన్‌లైన్ దుకాణాలకు ఒక మీట నొక్కినంత పని. అమెజాన్ కెనడా పేజీలో కొన్నా, అమ్మేవారు వేరు, పంపేవారు వేరు కావచ్చు. చేతిపనుల అమ్మకందారులకు వేదికైన ఎట్సీ వెబ్‌సైటులో దుకాణం ఉన్న దేశాన్ని బట్టి వడపోసుకునే వీలుంది. అక్కడ కొనేవారు ముందుగా చేయవలసిన పని అదే.

అసలు ఆధారం దొరికేది రవాణా నియమాల పేజీలో. 'కెనడా నుంచి పంపుతాము' అన్న స్పష్టమైన వాక్యం, పార్శిల్ బయలుదేరే ఊరు లేదా రాష్ట్రం పేరు, వాపసు పంపవలసిన చిరునామా అనే మూడింటిలో కనీసం రెండు కనిపించాలి. వాపసు చిరునామా అబద్ధమాడదు. 'సుంకాలు, పన్నులు కొనుగోలుదారు బాధ్యత' అన్న వాక్యం కెనడాకు వెళ్లే పార్శిళ్లను ఉద్దేశించి రాసి ఉంటే, మిగతా పేజీలో ఎన్ని మేపుల్ ఆకులున్నా ఆ సరుకు విదేశం నుంచే వస్తుంది.

ఈ చిక్కుకు చరిత్ర కూడా ఉంది. మేరీ మాక్సిమ్ అనే సంస్థ మానిటోబాలోని సిఫ్టన్ అనే చిన్న ఊరిలో ఉన్ని మిల్లుగా మొదలై, తరువాత ఒంటారియోలోని పారిస్‌కు మారింది. అడవి జంతువులు, క్రీడల బొమ్మలతో మందపాటి స్వెట్టర్లు అల్లుకునే కిట్లను తపాలా కేటలాగుల ద్వారా ఇంటింటికీ చేర్చి పేరు తెచ్చుకున్నది ఈ సంస్థే. దీనికి సరిహద్దుకు అవతల మిచిగన్‌లోని పోర్ట్ హ్యూరన్‌లో కూడా స్థావరం ఉంది. బెర్నాట్, పాటన్స్ అనే ఊలు బ్రాండ్ల పేర్లు మరింత తికమకపెడతాయి. బెర్నాట్ పుట్టింది మసాచుసెట్స్‌లో, పాటన్స్ పుట్టింది స్కాట్లాండ్‌లో. నేడు ఉత్తర అమెరికాలో రెండూ ఒంటారియోలోని లిస్టోవెల్‌లో పుట్టిన స్పిన్‌రైట్ సంస్థ చేతిలోని పేర్లు. ఒక సంస్థ కెనడాది, దాని పేరు అమెరికాది, ఉండను వడికింది మరో దేశంలో కావడం ఈ వ్యాపారంలో వింత కాదు. ఉండకు చుట్టిన కాగితపు పట్టీని చదవనిదే ఏ ఉండ ఎక్కడిదో చెప్పలేము.

దేశంలోనే కొన్నా పన్ను ఒకటి కాదు

భారతదేశంలో జీఎస్టీ రేటు వస్తువును బట్టి మారుతుంది గానీ రాష్ట్రాన్ని బట్టి మారదు. కెనడాలో సంగతి తిరగబడుతుంది. పన్ను రేటు పార్శిల్ చేరే రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, దుకాణం ఉన్న రాష్ట్రాన్ని బట్టి కాదు. కేంద్రం వేసే 5 శాతం అంతటా ఉంది. ఆల్బర్టాలోనూ ఉత్తరాన ఉన్న మూడు టెరిటరీలలోనూ అంతకు మించి ఏమీ లేదు. ఒంటారియోలో కలిపి 13 శాతం. న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, న్యూఫౌండ్‌లాండ్‌లలో 15. నోవా స్కోషియాలో 2025 ఏప్రిల్ 1 నుంచి 14. క్యుబెక్ 5 శాతానికి తన 9.975 శాతాన్ని చేరుస్తుంది. బ్రిటిష్ కొలంబియాకు 7 శాతం రాష్ట్ర పన్ను ఉన్నా, బట్టలు తయారుచేయడానికీ బాగుచేయడానికీ సాధారణంగా వాడే ఊలుకు ఆ పన్ను నుంచి మినహాయింపు ఉంది. వాంకూవర్‌లో ఉంటున్నవారి బిల్లులో ఊలు మీద 12 శాతం పన్ను కనిపిస్తే దుకాణాన్ని అడగడం వారి హక్కు.

కొన్ని చిన్న దుకాణాలలో, ముఖ్యంగా ఇంట్లోనే రంగులద్దే వారి వద్ద, పన్నే ఉండదు. అది ఎగవేత కాదు. వరుసగా నాలుగు త్రైమాసికాలలో అమ్మకాలు 30,000 డాలర్లు దాటని చిన్న వ్యాపారి కేంద్ర పన్నుకు నమోదు చేసుకోనవసరం లేదు. పన్ను లేని బిల్లును చూసి అనుమానపడనక్కరలేదు.

దూరం, పరిమాణం, తపాలా

కెనడా భూగోళం గురించి ఒక్క మాట చెబితే రవాణా ధరలు అర్థమవుతాయి. న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ నగరం నుంచి వాంకూవర్‌కు ఉన్న దూరం కంటే లండన్‌కు ఉన్న దూరమే తక్కువ. కాబట్టి 'దేశీయ' పార్శిల్ అంటే 'దగ్గరి' పార్శిల్ అనుకోకూడదు. పైగా ఊలు తేలికైనదే గానీ చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. పార్శిల్ ధర కట్టేటప్పుడు అసలు బరువును, పెట్టె కొలతల నుంచి లెక్కగట్టిన బరువుతో పోల్చి, రెండింటిలో ఎక్కువైనదానికి ధర వేస్తారు. ఆరు వందల గ్రాముల మందపాటి ఊలు కిలోన్నర సామానుకు సమానమైన ఖర్చు తెచ్చిపెట్టడం ఇందువల్లనే. 5 కిలోల వరకు దేశంలో ఎక్కడికైనా ఒకే ధర అన్న పెట్టెలను కెనడా పోస్ట్ అమ్ముతుంది. పుస్తకాలకు అవి మేలు, ఊలుకు అంతగా కాదు. ఆ పెట్టె నిండేటప్పటికి బరువు కిలో కూడా దాటకపోవచ్చు. అనుభవం ఉన్న దుకాణదారులు పెట్టె మానేసి, ఊలును నొక్కి గాలి తీసి పలుచని ప్లాస్టిక్ సంచిలో పంపుతారు. చూడడానికి బాగుండదు గానీ ఊలుకు ఏమీ కాదు. నీటిలో ముంచి ఆరేస్తే మళ్లీ పొంగుతుంది.

ఉచిత రవాణా అన్న ఆశ గురించి నా అభిప్రాయం కొంచెం కఠినమైనది. ఉచితానికి దుకాణం పెట్టిన హద్దును అందుకోవడానికి అవసరం లేని రెండు చిలపలు చేర్చినవారు రవాణా ఖర్చును తప్పించుకోలేదు, దానిని ఊలు రూపంలో బీరువాలో దాచుకున్నారు. ఒకే ఊళ్లో ఉన్న ముగ్గురు నలుగురు కలిసి ఒకే పార్శిల్ తెప్పించుకోవడం దీనికి మెరుగైన మార్గం. చాలా దుకాణాల ఉచిత రవాణా టెరిటరీలకు వర్తించదన్నది కూడా ఆర్డరు చేసే ముందే చూసుకోవాలి. వాటిలో ఒకటైన నునావుట్‌లోని ఊళ్లకు మిగతా దేశం నుంచి రోడ్డు మార్గమే లేదు, ప్రతి పార్శిలూ విమానమెక్కాలి.

స్వదేశీ పార్శిల్‌కు ఉన్న మరో బలహీనత 2024లో బయటపడింది. ఆ ఏడాది నవంబరు 15 నుంచి డిసెంబరు 17 వరకు తపాలా ఉద్యోగులు సమ్మె చేశారు. క్రిస్మస్ బహుమతులకు అల్లికలు సాగే కాలం అది. 2025 సెప్టెంబరు చివరలో మళ్లీ దేశవ్యాప్త సమ్మె వచ్చింది. తపాలా మీదే ఆధారపడిన, ఊలుకు రంగులద్దే చిన్న దుకాణాలు కొరియర్‌కు మారితే ఖర్చు పెరుగుతుంది, మారకపోతే సరుకు ఆగుతుంది. దీనికి తోడు 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల వరకు విలువైన పార్శిళ్లకు ఇస్తూ వచ్చిన సుంకం మినహాయింపును అన్ని దేశాలకూ ఎత్తివేసింది. అమెరికా కొనుగోలుదారుల మీద ఆధారపడిన కెనడాలో రంగులద్దేవారికి అది నేరుగా తగిలిన దెబ్బ. స్వదేశంలోని కొనుగోలుదారు అప్పటి నుంచి వారికి మరింత విలువైనవారయ్యారు.

దారం ఎక్కడిది, ఉన్ని ఎక్కడిది

ఇప్పుడు మూడవ, నాలుగవ ప్రశ్నలకు వద్దాం. కెనడాలో గొర్రెలు ప్రధానంగా మాంసం కోసం పెరుగుతాయి. ఉన్ని పక్క ఆదాయం మాత్రమే. రైతుల ఉన్నిని సేకరించి, రకాలుగా విడదీసి అమ్మే సహకార సంస్థ 1918 నుంచి పనిచేస్తోంది. ఒంటారియోలోని కార్ల్‌టన్ ప్లేస్ దాని కేంద్రం. ఆ ఉన్నిలో చాలా భాగం దేశంలో దారంగా మారకుండానే ఎగుమతవుతుంది. మరోవైపు ఆన్‌లైన్ దుకాణాలలో మెరిసే మెత్తని మెరినో (ఆ జాతి గొర్రెల సన్నని ఉన్ని) మాత్రం దిగుమతి సరుకు. ఉన్ని బయటికి, ఊలు లోపలికి. తెలంగాణలో దక్కని గొర్రె ఉన్నికీ గొంగడికీ ఏమైందో తెలిసినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు. అక్కడా మాంసం గొర్రె ముందుకు వచ్చి, ముతక ఉన్నికి గిరాకీ తగ్గి, కత్తిరించిన కూలి కూడా గిట్టని స్థితి వచ్చింది.

అయినా కెనడా ఉన్నిని కెనడాలోనే వడికే పాత మిల్లులు కొన్ని నిలిచే ఉన్నాయి. న్యూ బ్రన్స్‌విక్‌లో హార్వీ దగ్గర ఉన్న బ్రిగ్స్ అండ్ లిటిల్ 1857 నాటిది. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లోని బ్లూమ్‌ఫీల్డ్‌లో మెకాస్లాండ్ కుటుంబం మిల్లు 1870లో మొదలైంది. దుప్పట్లకూ ఊలుకూ దానిది పెద్ద పేరు. ఆల్బర్టాలోని కార్స్‌టేర్స్‌లో కస్టమ్ వులెన్ మిల్స్ నూరేళ్లు దాటిన యంత్రాలతో నేటికీ పనిచేస్తోంది. నాలుగు ప్రశ్నలకూ కెనడా అనే జవాబు రావాలని పట్టుబట్టేవారు చేరవలసిన చోట్లు ఇలాంటివే. ధర కూడా ఆశ్చర్యకరంగా అందుబాటులో ఉంటుంది, ఎందుకంటే మిల్లు తన సరుకును తానే అమ్ముతుంది.

అయితే ఈ ఊలును మెరినోకు అలవాటైన చేత్తో పట్టుకుంటే మొదటిసారి నిరాశ తప్పదు. పీచులను ఒకే దిశలో సాపు చేయకుండా, ఏకి వదిలిన ఏకును అలాగే వడకడం వల్ల పోగులో గాలి ఎక్కువ, నునుపు తక్కువ. వడికేటప్పుడు వాడిన నూనె కొంత దారంలోనే మిగిలి ఉంటుంది. అక్కడక్కడ గడ్డిపరక తగులుతుంది. గోరువెచ్చని నీళ్లలో తేలికపాటి సబ్బుతో ఉతికాక అదే దారం ఉబ్బి, కుట్టుకూ కుట్టుకూ మధ్య సందును నింపి, గాలిని ఆపే గుడ్డగా మారుతుంది. చొక్కా మీద వేసుకునే స్వెట్టరుకూ, చేతి తొడుగులకూ, మంచులో తిరిగేవారి మేజోళ్లకూ దీనిని మించినది నేను ఎరుగను. పసిపిల్లల మెడకు చుట్టే స్కార్ఫుకు మాత్రం ఇది వద్దు. యంత్రంలో వేడినీళ్లతో ఉతికితే ముద్దగట్టి కుంచించుకుపోతుందన్న సంగతి ఇంట్లో బట్టలుతికేవారందరికీ ముందే చెప్పి ఉంచాలి.

చేతితో రంగులద్దేవారి సంగతి దీనికి పూర్తిగా భిన్నం. వాంకూవర్‌లోని స్వీట్ జార్జియా, ఒంటారియోలోని కోయిగు వంటి పేర్లు దేశం దాటి వినిపించాయి. వారు కాక ఇంటి వంటగదిలో, గరాజులో రంగులద్దేవారు అనేకులు. వీరిలో ఎక్కువమంది వాడేది విదేశీ మిల్లులో వడికిన తెల్లని ఊలు. మేజోళ్లకైతే తరచుగా 75 పాళ్లు మెరినో, 25 పాళ్లు నైలాన్. ఉన్ని పొలుసులను అణచి, యంత్రంలో ఉతికినా ముద్దగట్టకుండా చేసే సూపర్‌వాష్ ప్రక్రియ అప్పటికే దానికి అయి ఉంటుంది. కెనడాలో జరిగేది రంగు మాత్రమే. దీన్ని తక్కువచేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. ఆ చిలప ధరలో నైపుణ్యం వాటా పెద్దది, అది ఇక్కడిదే. కానీ పేజీ మీద ఏమని రాశారన్నది చూడాలి. వ్యాపారంలో పోటీ న్యాయంగా సాగేలా చూసే కెనడా ప్రభుత్వ సంస్థ 'కాంపిటీషన్ బ్యూరో' మార్గదర్శకాల ప్రకారం 'ప్రొడక్ట్ ఆఫ్ కెనడా' అనాలంటే ప్రత్యక్ష ఖర్చులో కనీసం 98 శాతం కెనడాలోనే అయి ఉండాలి. 'మేడ్ ఇన్ కెనడా' అనాలంటే కనీసం 51 శాతం ఇక్కడిదై, చివరి ముఖ్యమైన మార్పు ఇక్కడే జరిగి, దిగుమతి సరుకు కలిసిందన్న మాట పక్కనే ఉండాలి. 'కెనడాలో రంగులద్దినది' అని నిజాయతీగా రాసే దుకాణాన్ని నేను ఎక్కువగా నమ్ముతాను.

తూకం, పొడవు, మందం

తెర మీద చూసి కొనేవారికి చేతి స్పర్శ ఉండదు కాబట్టి అంకెలే కళ్లు కావాలి. కెనడా అధికారికంగా మెట్రిక్ దేశమే అయినా అల్లిక లోకంలో మూడు పద్ధతులు కలిసే ఉన్నాయి. దిగుమతి ఊలు 50 లేదా 100 గ్రాములలో వస్తే, పాత మిల్లుల చిలపలు 4 ఔన్సులవి, అంటే 113 గ్రాములు. పొడవు ఒకచోట మీటర్లలో, మరోచోట గజాలలో ఉంటుంది. 100 గ్రాముల చిలప 16 డాలర్లు, 113 గ్రాములది 17 డాలర్లు అయితే రెండవదే చవక. మొదటిది గ్రాముకు 16 సెంట్లు, రెండవది 15. అయితే తూకం మీద పోలిక కూడా సగం నిజమే. స్వెట్టరుకు కావలసింది బరువు కాదు, పొడవు. గాలి ఎక్కువగా ఉన్న దారం అదే బరువుకు ఎక్కువ దూరం సాగుతుంది. పత్తి, వెదురు పీచు కలిసిన దారం బరువెక్కువ, పొడవు తక్కువ. ప్యాటర్న్ 1,100 మీటర్లు అడిగితే, ఉండకు 200 మీటర్లున్న ఊలు ఆరు ఉండలు కావాలి, 180 మీటర్లున్నదైతే ఏడు. ఆ ఏడవ ఉండ ధర చేరాక ఏది చవకో తేల్చాలి.

మందం పేర్లలో కూడా రెండు భాషలున్నాయి. అమెరికా పద్ధతిలో సున్న నుంచి ఏడు వరకు అంకెలు, ఫింగరింగ్, స్పోర్ట్, వర్‌స్టెడ్, బల్కీ అన్న పేర్లు; బ్రిటిష్ పద్ధతిలో ఫోర్ ప్లై, డీకే, ఆరన్, చంకీ. కెనడా దుకాణాలు రెండింటినీ వాడతాయి. 'ప్లై' అంటే పోగుల సంఖ్య అని అర్థం చేసుకుంటే చిక్కే. మిల్లువారి రెండు పోగుల దారం, బ్రిటిష్ ఫోర్ ప్లై కంటే చాలా మందంగా ఉండవచ్చు. పేరును పక్కనబెట్టి 100 గ్రాములకు ఎన్ని మీటర్లు అన్నది చూస్తే సరిపోతుంది: సుమారు 400 అయితే మేజోళ్ల ఊలు, 200 దగ్గర అయితే మధ్యరకం స్వెట్టరు ఊలు, 100 దగ్గర అయితే మందపాటి రకం.

రంగు విషయంలో ఒకే ఒక జాగ్రత్త మిగిలినవాటన్నిటికంటే ముఖ్యం. కావలసినదంతా ఒకేసారి, ఒకే డై లాట్ (ఒకే విడతలో రంగు వేసిన సరుకు) నుంచి పంపమని ఆర్డరులోనే రాయాలి. సరిపోదేమోనన్న అనుమానం ఉంటే ఒక ఉండ ఎక్కువే తీసుకోవాలి. నెల తరువాత తెప్పించే ఒక్క ఉండకు రవాణా ఖర్చు ఉండ ధరతో సమానమయ్యే అవకాశం ఉంది, పైగా రంగు కలవకపోవచ్చు. చేతితో రంగులద్దిన చిలపలు ఒకే గిన్నెలో మునిగినా ఒకేలా ఉండవు. రెండు చిలపలను రెండేసి వరుసలకు ఒకసారి మార్చుకుంటూ అల్లితే తేడా కలిసిపోతుంది. చిలపను ఉండగా చుట్టి పంపమని దుకాణాన్ని అడగవచ్చు గానీ, అలా చుట్టించిన ఊలును సాధారణంగా వాపసు తీసుకోరు.

మాట తప్పితే

నచ్చలేదని వాపసు ఇచ్చే హక్కు కెనడాలో చట్టం ఇచ్చేది కాదు, దుకాణం ఇచ్చేది. అందుకే ఆ నియమాన్ని కొనే ముందే చదవాలి. సరుకు రాకపోతే మాత్రం చట్టం పక్కన నిలుస్తుంది. ఒంటారియోలో 50 డాలర్లు దాటిన ఇంటర్నెట్ కొనుగోలుకు, ఇస్తామన్న తేదీ గడిచి 30 రోజులైనా సరుకు అందకపోతే, అది చేరేలోగా కొనుగోలును రద్దు చేసుకోవచ్చు. క్యుబెక్‌లోనూ ఇలాంటి రక్షణ ఉంది. వ్యాపారి డబ్బు తిరిగి ఇవ్వకపోతే క్రెడిట్ కార్డు సంస్థ ద్వారా వెనక్కి తెచ్చుకునే దారి కూడా ఉంది. ముందస్తు ఆర్డర్ల మీద రంగులద్దే చిన్న దుకాణాలు ఆరు వారాలు, ఎనిమిది వారాలు అని ముందే చెబుతాయి. అక్కడ గడువు ఆ చెప్పిన తేదీ నుంచే లెక్క. విదేశీ దుకాణం మీద ఈ చట్టాలను ప్రయోగించడం కాగితం మీద సాధ్యమేమో గానీ ఆచరణలో కష్టం. డబ్బు లెక్కల తరువాత స్వదేశీ గోదాముకు ఉన్న రెండవ నిజమైన ఆధిక్యం ఇదే.

చివరగా, ఇండియాలో అమ్మానాన్నలున్న తెలుగువారు అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది: లూధియానాలో తయారయ్యే వర్ధమాన్, ఓస్వాల్ ఊలు అక్కడ చవక కదా, తెప్పించుకుంటే ఏమి? దుకాణం నుంచి నేరుగా తెప్పించుకుంటే 20 డాలర్ల హద్దు, పన్ను, 9.95 రుసుము యథాతథం. అమెరికా, మెక్సికోలకు ఉన్న కొరియర్ సడలింపు ఇండియాకు లేదు. అమ్మ కొని బహుమతిగా పంపితే మాత్రం 60 డాలర్ల వరకు మినహాయింపు ఉంది. విలువ అంతకు మించితే పైమొత్తం మీదే పన్ను పడుతుంది. పార్శిల్ మీద బహుమతి అనీ, ఏ పీచు ఊలో, ఎన్ని ఉండలో, ఎంత విలువో ఉన్నదున్నట్టు రాయాలి. ఇండియా నుంచి కిలో ఊలు విమానంలో రావడానికయ్యే తపాలా ఖర్చును ఆ ఉండల ధర పక్కన వేసి చూసినవారు, మరుసటిసారి ఆ సంచిని వేసవిలో కెనడా వచ్చే అమ్మ సూట్‌కేసులో ఒక మూలకు సర్దిస్తారు.